పత్తికొట్లో తీసిన సినిమా

రాజరాజేశ్వరి ఆ కెమెరాను ఓణీ కొంగు కింద దాచుకుని బస్సెక్కింది. అదేమీ దొంగసొత్తు కాదు. గుంటూరులో తను బి.ఏ. చదువుతున్న ఆడపిల్లల కాలేజీది. ఇంగ్లీషు చెప్పే కామేశ్వరి గారు ప్రిన్సిపాల్‌ను బతిమాలి ఇప్పించారు. అయినా పర్చూరు దాటి తమ ఊరి మలుపు కనపడగానే రాజేశ్వరి దాన్ని ఇంకాస్త గట్టిగా హత్తుకుంది. పక్కన కూర్చున్న క్లాసుమేటు ఖుర్షిదా నవ్వి, "ఏమే, బాంబు పట్టుకెళ్తున్నట్టు అలా పట్టుకున్నావేంటి?" అంది. రాజేశ్వరికి నవ్వు రాలేదు.

అది 1986. ఆ ఏడాది ప్రపంచ శాంతి సంవత్సరమని, గుంటూరులో సినిమా అంటే ఇష్టమున్న నలుగురు పెద్దమనుషులు కలిసి కాలేజీ విద్యార్థులకు పోటీ పెట్టారు. చిన్న సినిమా తీయాలి. మతం వేరైనా ఆచారం వేరైనా మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకునేలా అందులో ఏదైనా ఉండాలి. క్లాసులో కొందరు పావురాలు తీద్దామన్నారు, కొందరు కొవ్వొత్తులన్నారు. రాజేశ్వరి ఎప్పుడూ నోరెత్తని పిల్ల. ఆ రోజు ఎందుకో లేచి, "మా ఊళ్లో సన్నాయి వాయించే సుభానీ గారి మీద తీస్తానండీ" అంది. అంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే ఆమెకు భయం మొదలైంది.

రాజేశ్వరి తండ్రి రామచంద్రమూర్తి ఆ ఊరి రామాలయంలో అర్చకులు. సుభానీ ఇంటివాళ్లు తాతల నాటి నుంచి ఆ గుళ్లో సన్నాయి వాయించేవాళ్లు. స్వామి మేలుకొలుపుకీ, పవళింపుకీ, కల్యాణానికీ వాళ్ల సన్నాయే. పక్కన డోలు మీద చెంచురామయ్య. మీసాలు రాని వయసు నుంచీ ఇద్దరిదీ ఒకటే జోడీ. పెళ్లికి పిలవాలంటే ఒకరికి కబురు పెడితే చాలు, రెండోవాడు వచ్చినట్టే.

కిందటేడు వినాయకుడి పందిరీ పీర్ల పండగా ఒకే వారంలో పడ్డాయి. పందిరి రాట దారికి అడ్డంగా పాతారని ఒకళ్లు, కావాలనే పీరును రాటకు తగిలించారని ఒకళ్లు అరుచుకున్నారు. అరుపులు తోపులాటగా మారాయి, తోపులాట రాళ్లదాకా వెళ్లింది. రెండు తలలు పగిలాయి. పోలీసులొచ్చి వెళ్లాక గుడి కమిటీ ప్రెసిడెంటు బుల్లయ్య, "ఇహ గుళ్లో ఆ సన్నాయి వద్దు" అని తేల్చేశాడు. సుభానీ వాళ్ల పెద్దలూ అంతే గట్టిగా, "ఇంత జరిగాక ఆ మెట్టెక్కితే నువ్వు మాలో మనిషివి కాదు" అన్నారు. చెంచురామయ్యకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. బుల్లయ్య పొలాల మీదా, ఆయన బంధువుల ఇళ్లలో శుభకార్యాల మీదా బతికేవాడు. అందుకే సుభానీ ఉండే వీధివైపు వెళ్లడం మానేశాడు. గుళ్లో కల్యాణానికి టేపురికార్డరు పెట్టారు. అది తాళి కట్టే సమయానికి ఒకసారి నాలుక మడతపడ్డట్టు గీపెట్టింది. రామచంద్రమూర్తి తలొంచుకుని మంత్రం పూర్తిచేశారు. ఆయన ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అనరు.

ఇంటికొచ్చిన రాజేశ్వరికి మొదటి ఇబ్బంది ఇంట్లోనే ఎదురైంది. తల్లి సీతారత్నం ఖుర్షిదాను చూసి, "రామ్మా, రా" అని నోరారా పిలిచింది. భోజనాల వేళ మాత్రం ఖుర్షిదాకు వసారాలో విస్తరి వేసింది. "గాలి బాగా వస్తుందమ్మా ఇక్కడ" అంది, ఆ పిల్ల కళ్లలోకి చూడకుండా. రాజేశ్వరి లేచింది. తన విస్తరి తెచ్చుకుని వెళ్లి వసారాలో కూర్చుంది. ఖుర్షిదా తలెత్తకుండా, "ఇది కూడా తీద్దామా?" అని మెల్లిగా అడిగింది. ఎగతాళికన్నదో, నొచ్చుకుని అన్నదో రాజేశ్వరికి అర్థం కాలేదు. వంటింటి గడపలో నిలబడ్డ సీతారత్నం ఆ మాట వింది.

రెండో ఇబ్బంది కల్లంలో. మిరపకాయల కోతలైపోయి ఊరి చుట్టూ నేలంతా ఎర్రగా ఆరబోసి ఉంది. ముందు కల్లాలు తీసి, జనం అలవాటుపడ్డాక సుభానీ వీధికి వెళ్దామని వాళ్ల ఆలోచన. రాజేశ్వరి కెమెరా కంటికి పెట్టుకుందో లేదో వెనకనుంచి గొంతు ఖంగుమంది.

"ఏందమ్మాయ్, పంతులుగారమ్మాయివి కదూ? ఏంటది?"

బుల్లయ్య. రాజేశ్వరి కెమెరా కిందికి దించింది. "సినిమా కెమెరా అండీ. కాలేజీ పనండీ. మన మిరపకల్లాలు తీస్తున్నామండీ" అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు.

బుల్లయ్య కళ్లు మెరిశాయి. "ఒరేయ్, ఆ పట్టా కొంచెం సర్దండ్రా! కాయ కనపడాల!" అని కూలీలను కేకేశాడు. కండువా దులిపి భుజాన వేసుకుని, ఎర్రటి రాశి మధ్యకు నడిచి మీసం మీద చెయ్యి వేశాడు. తీయక తప్పలేదు. ఒక్కో రీలూ మూడు నిమిషాలకు అయిపోయేది. ఆయన మీసం దువ్వడానికే సగం రీలు ఖర్చయింది.

సాయంత్రం సుభానీ తన ఇంటిముందు అరుగు మీద కూర్చుని, సన్నాయి తుడిచి, వాయించి చూపించాడు. ఎదురింటి వాళ్లు తలుపులు సగం తెరిచి చూస్తున్నారు. ఆయన భార్య జోహరాబీ, "తొందరగా కానియ్యమ్మా, ఆళ్లు ఒకటంటే మేం నాలుగు పడాల" అని గొణిగింది. అంతా అయ్యాక సుభానీ రాజేశ్వరిని పక్కకు పిలిచాడు.

"అమ్మాయీ, ఒంటిగా వాయిస్తుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. రేపు మధ్యాన్నం బుడాన్ పత్తికొట్టు కాడికి రా. ఎవురికీ చెప్పమాక."

"ఎందుకు బాబాయ్?"

"రా, చూద్దువుగాని."

బుడాన్ సుభానీ బావమరిది. పత్తి ఏకి పరుపులు కుట్టే మనిషి. అతని కొట్టు ఊరి చివర, రెండు వీధులకూ దూరంగా ఉంటుంది. మర్నాడు ఆ చీకటి కొట్లోకి తలవంచుకుని దూరిన రాజేశ్వరికి కప్పుదాకా పేర్చిన దూది కనిపించింది. ఆ దూది మధ్యలో, డోలు ఒళ్లో పెట్టుకుని, చెంచురామయ్య.

కెమెరాను చూడగానే అతను దిగ్గున లేచాడు. "ఏంది సుభానీ ఇది? నన్ను పట్టిద్దామనా?"

"కూకో రామయ్యా. ఆ పిల్ల మన పిల్లే."

"పిల్ల మనదే. బొమ్మ మనది కాదుగా! అది ఆ బుల్లయ్యగారి కంట పడిందనుకో, ఇంటిల్లిపాదీ గోతంలో సర్దుకుని ఊరొదిలి పోవాల నేను."

అప్పుడు తెలిసింది రాజేశ్వరికి. గొడవ జరిగిన నెల తిరక్కముందు నుంచే వాళ్లిద్దరూ కుదిరినప్పుడల్లా ఇక్కడ కలుస్తున్నారు. వాయించకపోతే చేతులు మొద్దుబారిపోతాయని మొదలుపెట్టారు. దూది మోతను మింగేస్తుంది. బయట కాపలా బుడాన్ కూర్చుంటాడు. ఎవరైనా వస్తే పత్తి ఏకే విల్లు టంగుమనిపిస్తాడు.

"దీనికి చెవుల్లేవంట రామయ్యా" అన్నాడు సుభానీ కెమెరాను చూపించి. "మన మోత దీనికెక్కదు."

"మొకం ఎక్కిద్దిగా!"

రాజేశ్వరి కెమెరాను దూది మీద పెట్టేసింది. "వద్దంటే తీయను మావయ్యా. తీస్తే మాత్రం గుంటూరులో చూపిస్తాను. మన ఊళ్లో చూపించను. మాటిస్తున్నాను."

చెంచురామయ్య డోలు తోలు మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఊళ్లో మాత్రం వద్దు తల్లీ" అన్నాడు.

కొట్లో వెలుతురు చాలలేదు. తలుపు తీస్తే మోత బయటపడుతుంది. సుభానీ పత్తి బేళ్ల మీదికెక్కి కప్పు పెంకులు రెండు పక్కకు జరిపాడు. ఎండ పలకలా దిగి ఇద్దరి మీదా పడింది. ఆ వెలుగులో దూదిపోగులు ఎగురుతుండగా వాళ్లు వాయించారు. రాజేశ్వరి తీస్తున్నంతసేపూ ఒక చెవి బయటి విల్లు మీదే పెట్టింది. వాళ్లేం వాయించారో ఆమె వినలేదు.

రీళ్లు కడగడానికి బొంబాయి పంపాలి. పోస్టులో వెళ్లి, పోస్టులో రావాలి. ఆ వారాల్లో రాజేశ్వరికి బొమ్మ అసలు పడిందో లేదోనని ఒక బెంగ. పడితే ఎవరు చూస్తారోనని ఇంకో బెంగ. పార్సిలు వచ్చాక కామేశ్వరి గారు గోడ మీద వేసి చూశారు. పత్తికొట్టు ముక్క దగ్గర ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇదే నీ సినిమా. మిగిలిందంతా దీనికోసమే" అన్నారు.

గుంటూరు హాల్లో ఆ సినిమాకు రెండో బహుమతి వచ్చింది. రాజేశ్వరి స్టేజీ ఎక్కిందన్న మాటేగానీ, హాల్లో తమ ఊరి మొహం ఏదైనా ఉందా అని వెతుక్కోవడంతోనే సరిపోయింది. ఉంది. మూడో వరసలో బుల్లయ్య అల్లుడు, ఎరువుల షాపాయన. అయితే ఆయన మామగారి మీసం కనపడగానే ఆ సంబరంతో బయటికి వెళ్లి ఎవరెవరికో చెబుతూ తర్వాతదేదీ చూడలేదట. ఆ సంగతి ఆమెకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నిద్ర పట్టలేదు.

వారం తిరగ్గానే తండ్రి నుంచి కబురు. బుల్లయ్యగారు తన బొమ్మ గుంటూరులో ఆడిందని విన్నారు. ఊరందరికీ చూపించాలట. స్కూల్లో పెద్దగది మాట్లాడేశారట. వచ్చే ఆదివారమే.

"చూపించు. ఇలాంటి సినిమా తీసింది ఇలాంటి ఊరి కోసమే కదా" అన్నారు కామేశ్వరి గారు.

"మాటిచ్చానండీ."

రాజేశ్వరి ఆ సాయంత్రం ల్యాబ్ గదిలో కూర్చుని పత్తికొట్టు ముక్కను కత్తిరించి, మిగిలిన రెండు చివర్లూ టేపుతో అతికించింది. పక్కనున్న ఖుర్షిదా, "ఇది తీసేశాక ఇంకేముందే ఇందులో? మిరపకాయలూ, బుల్లయ్యగారూ" అంది. రాజేశ్వరికి ఏడుపొచ్చింది. కత్తిరించిన ముక్కను హాస్టల్లో వదిలితే ఎవరి కంట పడుతుందోనని చిన్న చక్రానికి చుట్టి తన సంచీ అడుగున పెట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం స్కూలు గది కిటికీలకు మిరపకాయల గోతాలు కట్టి చీకటి చేశారు. ఆ ఘాటుకు ఊరంతా తుమ్ముతూ దగ్గుతూ కూర్చుంది. ముందు కుర్చీలో బుల్లయ్య. ఆయన వెనక రైతులు. వెనక తలుపు దగ్గర సుభానీ వీధివాళ్లు. మధ్యలో బండి పట్టేంత ఖాళీ, పిల్లలు కూడా అందులో కూర్చోలేదు. చెంచురామయ్య ఎవరితోనూ కలవకుండా కిటికీ గోడకు చేరగిలబడ్డాడు. రామచంద్రమూర్తి కూతురి పక్కనే నిలబడి ఉత్తరీయం అంచు మెలిపెడుతున్నారు.

ఖుర్షిదా ప్రొజెక్టరు తిప్పింది. తెరగా కట్టిన పంచె మీద ఎర్రటి రాశి, దాని మీద బుల్లయ్య. గదంతా ఈలలు. "పంచె జారిపోద్దండోయ్!" అని ఒకడు అరిస్తే బుల్లయ్య కూడా నవ్వాడు. రాజేశ్వరి కాస్త ఊపిరి పీల్చుకుంది. తర్వాత సుభానీ వచ్చాడు. అరుగు మీద కూర్చుని సన్నాయి తుడిచి నోట పెట్టుకున్నాడు. బుగ్గలు పొంగాయి, వేళ్లు పరిగెత్తాయి. ధ్వని లేదు. గదిలో ప్రొజెక్టరు కటకటలు తప్ప ఏమీ వినపడలేదు.

ముందు వరసల్లోంచి ఒక కుర్రగొంతు లేచింది. "సైకిలు ట్యూబుకి గాలి కొడుతున్నాడ్రోయ్!"

ఒక్కసారిగా నవ్వులు. వెనక తలుపు దగ్గర బెంచీ దబ్బుమని పడింది. "ఎవడ్రా అన్నది? లెగరా, లెగిసి అను!" ముందు వరసలు కూడా లేచాయి. మధ్యలో ఖాళీ అటూ ఇటూ నుంచి పూడుకుపోతోంది. కొట్లాట మాన్పుదామని తీసిన బొమ్మ కొట్లాట పెడుతోంది. తండ్రి చెయ్యి పట్టుకుంది రాజేశ్వరి. ఆ చెయ్యి తన చేతికన్నా చల్లగా ఉంది.

"ఆపండహె!"

చెంచురామయ్య గోడ వదిలి గది మధ్యకొచ్చి నిలబడ్డాడు. తెర మీద సుభానీ ఇంకా ఊదుతున్నాడు, ఆ బొమ్మ సగం చెంచురామయ్య చొక్కా మీద పడింది.

"అమ్మా, నేనున్న ముక్కేదీ?" అన్నాడు.

రాజేశ్వరి సంచీని దగ్గరికి లాక్కుంది.

"పత్తికొట్లో తీశావే, మేమిద్దరం వాయిస్తుంటే. అదేదీ?"

"మావయ్యా... మాటిచ్చాను కదా."

"నాకేగా ఇచ్చావు. నేనే అంటున్నా. ఎయ్యి."

గదంతా బిగుసుకుపోయింది. రాజేశ్వరి సంచీ అడుగున తడుముకుని చక్రం తీసింది. తొందరలో ఫిల్ము దారి తప్పింది. దీపం వేడికి ఒక బొమ్మ బుడగలొచ్చి కాలిపోయింది. కాలిన వాసన వచ్చింది. ఖుర్షిదా ఆ కాలిన కొస తుంచేసి, "నేను పట్టుకుంటా, నువ్వు తిప్పు" అని ఆమె వేళ్ల మీద తన వేళ్లు వేసింది. ఈసారి పడింది.

పెంకుల సందులోంచి దిగిన ఎండలో ఇద్దరు మనుషులు. దూది. ఒకడి బుగ్గలు, ఒకడి చేతులు. చెంచురామయ్య తెరకేసి చూడలేదు. బుల్లయ్యనే చూస్తూ నిలబడ్డాడు. తుమ్ములు కూడా ఆగిపోయాయి. ఆడవాళ్లవైపు నుంచి సుబ్బరావమ్మ అనే ముసలామె గొంతెత్తింది.

"ఏం వాయిస్తన్నారయ్యా?"

"గట్టిమేళం" అన్నాడు చెంచురామయ్య.

"గట్టిమేళమా? తాళి కట్టేది ఎవురికయ్యా, పత్తిబేళ్లకా?"

ముందు ఎవరు నవ్వారో తెలీదు. వెనక సుభానీ వీధివాళ్లలోనూ నవ్వు పుట్టింది. సుభానీ ముఖం కండువాతో కప్పుకున్నాడు. బిగపట్టిన గదంతా ఒక్కసారి వదులైంది. అప్పుడే బుల్లయ్య కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. నవ్వు ఎక్కడిదక్కడ చచ్చిపోయింది.

ఆ సాయంత్రం రామచంద్రమూర్తికి పిలుపు వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. సీతారత్నం ఏమనుకుందో ఏమో, వంటింట్లోనే రెండు విస్తళ్లు పక్కపక్కన వేసి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టింది. ఎవరూ సరిగా తినలేదు. పిలుపు రాలేదు. తెల్లవారి గుడి తలుపులు తీసేసరికి బుల్లయ్యే మండపంలో ఉన్నాడు. రాజేశ్వరి పూలబుట్టతో స్తంభం పక్కన ఆగిపోయింది.

"ఏమండీ పంతులుగారూ, మీ అమ్మాయి ఊరి పరువు గుంటూరు దాకా తీసుకెళ్లి బజార్న పెట్టింది. మీకు ముందే తెలుసా?"

"పత్తికొట్టు సంగతి తెలీదండి."

"మరి కూతురికి బుద్ధి చెప్పుకోరూ?"

రామచంద్రమూర్తి హారతిపళ్లెం కింద పెట్టారు. "బుల్లయ్యగారూ, ఆ టేపు పెట్టి స్వామికి కల్యాణం చేశాను. నాకు మనసొప్పలేదు. అప్పుడే చెప్పాల్సింది, భయపడ్డాను. మీరు నన్ను పొమ్మంటే పోతాను. సన్నాయి లేకుండా మాత్రం ఇంకో కల్యాణం చెయ్యలేను."

బుల్లయ్య నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి నోట ఇన్ని మాటలు ఆయన వినలేదు. "కమిటీలో పెడదాంలే" అని విసురుగా చెప్పులేసుకుని వెళ్లాడు.

కమిటీలో పెట్టలేదు. రామచంద్రమూర్తిని పొమ్మనీ అనలేదు. బుల్లయ్య బంధువులు కొన్ని నెలలపాటు చెంచురామయ్యను ఏ శుభకార్యానికీ పిలవలేదు. సుభానీని వాళ్ల పెద్దలు పిలిచి నిలదీస్తే, "చేతులు మొద్దుబారకుండా చూసుకుంటే తప్పా?" అని జోహరాబీ ముందుకొచ్చి అడిగిందట. గుంటూరు హాస్టల్లో ఉన్న రాజేశ్వరికి ఊరినుంచి ఎవరైనా వచ్చారంటే చాలు, ఏ కబురు తెచ్చారోనని గేటు దాకా పరుగే. ఎవరిదైనా తల పగిలిందంటారేమో, ఎవరైనా ఊరొదిలారంటారేమో. అలాంటి కబురేదీ రాలేదు. మరుసటేడు వేసవిలో సుబ్బరావమ్మ మనవడి పెళ్లికి ఇద్దరినీ పిలిచారు. ఎవరూ అడ్డుపడలేదు. ఆ పెళ్లికి బుల్లయ్య వచ్చి, భోంచేసి, మేళం వైపు చూడకుండా వెళ్లాడు. ఆ ఏటి శ్రీరామనవమి టేపు లేకుండా, సన్నాయి లేకుండా, కల్యాణమూ లేకుండా ఉత్త పూజతో గడిచింది.

1988 శ్రీరామనవమికి కమిటీవాళ్లే సుభానీ ఇంటికి వెళ్లి తాంబూలం ఇచ్చారు. బుల్లయ్య వెళ్లలేదుగానీ తన కొడుకును పంపాడు. అప్పటికి రాజేశ్వరి టీచరు ట్రైనింగు చదువుతోంది. కల్యాణానికి ఊరొచ్చింది. కెమెరా లేదు, దాన్ని ఏనాడో కాలేజీకి అప్పగించింది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ సినిమా తీయలేదు. చీరాల దగ్గర ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతూ బతికింది.

ఆ రోజు పందిట్లో సన్నాయీ డోలూ పక్కపక్కన కూర్చున్నాయి. జనం సీతారాముల్ని చూస్తున్నారు. రాజేశ్వరి మాత్రం పందిరి గుంజ పట్టుకుని వీధి మొగవైపే చూస్తూ నిలబడింది. ఎక్కడో కుర్రాళ్లు అరిస్తే ఉలిక్కిపడింది. వాళ్లు పానకం కోసం తోసుకుంటున్నారు. "వచ్చి కూర్చోవే, ముహూర్తం దాటిపోతోంది" అని తల్లి రెక్క పట్టుకుని లాగింది. కూర్చుంది. తండ్రి మంగళసూత్రం పైకెత్తి చూపించారు. గట్టిమేళం మోగింది. అక్షతలు వేయడానికి చెయ్యి చాపితే, గుప్పిట్లో బియ్యమంతా చెమటకు తడిసి వేళ్లకు అంటుకుపోయింది.